తదితరుల చొక్కా

నేను ఒక చొక్కాను. రంగు వంగపండు రంగు, గుండె మీద వెండిదారంతో కుట్టిన నౌక గుర్తు. చూడటానికి దర్జాగానే ఉంటాను. నన్ను వేసుకున్నవాడు మాత్రం టీవీలో మొదటి ప్రకటనలు వచ్చేలోపు చచ్చిపోతాడు. భయపడకండి. ఆ చచ్చినవాళ్లంతా తర్వాత లేచి, టీ తాగి, బస్సెక్కి ఇళ్లకు వెళ్లారు. అయినా వాళ్లను నేనే పొట్టన పెట్టుకున్నానని ఒక అపవాదు ఉంది. చంపింది రచయిత, చెడ్డపేరు నాది.

నా పుట్టుక చెప్పాలంటే రాక్షసుల దగ్గర మొదలుపెట్టాలి. హైదరాబాదు శివార్లలో ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. అందులో మొదట పౌరాణిక సీరియల్ తీసేవారు. రాక్షసుల దుస్తుల కోసం వంగపండు రంగు తాను కొన్నారు. దేవతలు గెలిచారు, సీరియల్ అయిపోయింది, గుడ్డ మిగిలింది. తర్వాత అదే షెడ్డులో 'శతభిషం' అనే అంతరిక్ష సీరియల్ మొదలుపెట్టారు. శతభిషం అంటే నక్షత్రాల మధ్య తిరిగే ఓడ పేరు. దాని కెప్టెన్‌కూ పెద్ద అధికారులకూ కొత్తగా తెల్లటి మెరుపు గుడ్డ తెప్పించారు. చిన్న ఉద్యోగులకు రాక్షసుల గుడ్డ చాలన్నారు. కాస్ట్యూమర్ జానీ బాషా కొలిచి చూస్తే అది ఒక చొక్కాకూ, కొన్ని అతుకులకూ సరిపోయేంతే ఉంది. శతభిషంలో ఒకసారికి ఒక్కడే ఎందుకు చస్తాడని ప్రేక్షకులు తెగ వాదించుకునేవారు. ఏదో లోతైన మర్మం ఉందనుకునేవారు. గుడ్డ చాలలేదు, అంతే.

బాషా బిస్మిల్లా అనుకుని కత్తెర పట్టాడు. చంకల్లో, భుజాల మీద రెండేసి కుట్లు వేశాడు. తెల్లచొక్కా ఊరికే నిలబడి మాట్లాడుతుందని, పడి లేచే పని నాదేనని ఆయనకు అప్పుడే తెలుసు. ఆ రెండో కుట్టు వల్లే నేను ఇవాళ మీతో మాట్లాడుతున్నాను.

మా కథ ఎప్పుడూ ఒకేలా నడిచేది. ఓడ ఒక కొత్త గ్రహం మీద దిగుతుంది. పొగలో ఏదో కదులుతుంది. కెప్టెన్ వేషం వేసే హీరో నిఖిలేశ్ నా వైపు తిరిగి, నువ్వు వెళ్లి చూసి రమ్మంటాడు. నన్ను వేసుకున్నవాడు వెళతాడు. వెళ్లనన్నవాడు ఒక్కడూ లేడు. నన్ను మంటలు కాల్చాయి, గోళ్లు చీల్చాయి, ఒక తీగ నమిలి ఉమ్మేసింది. కెప్టెన్ వచ్చి శవం పక్కన మోకాలు వంచి, దవడ బిగించి, కాసేపు బాధపడేవాడు. ప్రకటనలు అయ్యేసరికి ఆ బాధ తీరిపోయేది. తెల్లచొక్కా మీద మరక కూడా పడేది కాదు. దాన్ని ఇస్త్రీ చేసేవారు, నన్ను కుట్టేవారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ లోకం చూశారో మీరే చెప్పండి.

పోయేవాడికి కథలో పేరు ఉండేది కాదు. తలకు నల్లద్దాల శిరస్త్రాణం పెట్టేవారు కాబట్టి ముఖమూ ఉండేది కాదు. యూనిట్‌లో ఆ వేషాన్ని 'వంకాయ' అనేవారు. పొద్దున్నే ఇవాళ వంకాయ ఎవరని కేక వినిపించేది. సీరియల్ చివర పేర్లు పడేటప్పుడు అందరి పేర్లూ అయ్యాక, తెర కింద అంచున 'తదితరులు' అని పడేది. ఆ తదితరులం మేమే. నాకైతే అందులో సిగ్గేమీ లేదు. పద్దెనిమిది అక్షౌహిణులు నేలకొరిగితే మనకు తెలిసిన పేర్లు ఎన్ని? మిగిలిన వాళ్లూ యుద్ధం చేసినవాళ్లే కదా.

ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. అదే ఈ కథకు ఇరుసు. కెమెరా ముందు ఎవరైనా చచ్చినట్టు నటిస్తే, కట్ చెప్పాక కెమెరా ఆపకూడదు. చచ్చినవాడు లేచి, కెమెరా వైపు తిరిగి నవ్వాలి. అప్పుడే ఆ చావు ఉత్తుత్తిదని తేలుతుంది. లేకపోతే అది నిజమనుకుని ఎవరో ఒకరి వెంట ఇంటికి వచ్చేస్తుందని మావాళ్ల నమ్మకం. గ్రహాల మధ్య తిరిగే ఓడకు కూడా నిమ్మకాయలు కట్టి ప్రయాణం మొదలుపెట్టిన జనం వీళ్లు. ఎడిటింగ్ చేసే హేమలత చదువుకున్న అమ్మాయి, ఇలాంటివి నమ్మనని నవ్వేది. కానీ చచ్చినవాడి నవ్వును చెరిపేయడానికి ఆమెకూ చేయి రాలేదు. అన్నిటినీ కంప్యూటర్లో ఒక మూల దాచి ఉంచింది.

నన్ను ఎక్కువసార్లు వేసుకున్నవాడు పైడిరాజు. విజయనగరం వైపు మనిషి. కుర్రతనం నుంచి నాటక సమాజాల్లో ఉన్నాడు. వేసినవన్నీ భటుడు, దూత, పల్లకీ బోయీ వేషాలు. ముఖం కనిపించదు కనుక ఈ వారం చచ్చినవాడే వచ్చే వారం ఇంకొకడై మళ్లీ చావచ్చు. అలా చావడంలో పైడిరాజుది అందెవేసిన చెయ్యి. మిగతావాళ్లు పడిపోయేవారు. ఆయన మాత్రం పోయేముందు ఒకసారి ఓడ వైపు చూసి పోయేవాడు. ఆ చూపు నల్లద్దాల వెనక ఎవరికీ కనిపించదు. నాకు తెలిసేది, మెడ తిరిగినప్పుడల్లా నా కాలరు లాగేది కనుక.

ఆయన భార్య సన్యాసమ్మ రోజూ అన్నం వడ్డిస్తూ, ఈ రోజు నీ పేరేమిటని అడిగేదట. జీవితమంతా వేషాలేసిన మనిషి దగ్గర ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేదు. ఈ సంగతి బాషాతో చెప్పుకుంటుంటే నేను ఆయన ఒంటి మీదే ఉన్నాను. ఆ రోజు చావు షాట్ అయ్యాక పైడిరాజు లేచి, శిరస్త్రాణం తీసి, నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు. కెమెరాతో ఇలా అన్నాడు: "నా పేరు మజ్జి జగన్నాథం. ఓడలో తలుపులు ఏసేదీ తీసేదీ నానే. ఎల్లొస్తాను."

ఎవరూ పట్టించుకోలేదు. నవ్వు షాట్ ఎవరు వింటారు? తర్వాతి చావుకు ఆయన కోరాడ ఎర్రయ్య అయ్యాడు, ఓడలో దీపాలు చూసుకునేవాడు. నన్ను నమిలి ఉమ్మేసిన ఆ తీగకు బలైనప్పుడు గుంట సూరయ్య అయ్యాడు, వంటవాడు. అది చూసి మిగతా జూనియర్ ఆర్టిస్టులూ మొదలుపెట్టారు. సుగుణ అనే ఆమె నన్ను వేసుకుని చచ్చిన రోజున లేచి, తాను ఓడలో నర్సునని, పేరు మేరీ రత్నమని, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి నవ్వించింది. రెండు నిమిషాల ప్రాణం ఉన్నవాళ్లకు ఊరూ పేరూ పనీ వచ్చాయి. నా జేబు అప్పటిదాకా ఖాళీగా ఉండేది. ఆ తర్వాత నాకెప్పుడూ అలా అనిపించలేదు.

ఇలా ఉండగా సీరియల్ ముగింపుకు వచ్చింది. చివరి భాగం సన్నివేశాలు చదివి వినిపించారు. ఓడ పగిలిపోతుంటుంది. వంకాయ బయట నిలబడి తలుపును భుజంతో పట్టి ఉంచుతాడు. లోపలివాళ్లంతా బతుకుతారు, వాడు బతకడు. తర్వాత కెప్టెన్ భూమికి తిరిగొచ్చి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అందులో భూమికి దండం పెడతాడు, ఓడకు దండం పెడతాడు, ఓడలోని కంప్యూటర్‌కు కూడా కృతజ్ఞత చెబుతాడు. తలుపు పట్టినవాడి ఊసు లేదు.

పైడిరాజు డైరెక్టర్ మురళీధర్ దగ్గరికి వెళ్లి, కెప్టెన్‌గారు వాడి పేరు ఒక్కసారి తలిస్తే బాగుంటుందని నెమ్మదిగా అడిగాడు. మురళీధర్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. పేరు పెడితే ప్రేక్షకులు వాడిని గుర్తుపెట్టుకుంటారని, గుర్తుపెట్టుకుంటే బాధపడతారని, ఆ బాధకు చివరి భాగంలో చోటు లేదని వివరించాడు. పైడిరాజు తలూపి వచ్చేశాడు. ఆ పూట బాషా నాకు గుండీ కుడుతుంటే వచ్చి పక్కన కూర్చుని, నా భుజం మీది అతుకును వేలితో రాస్తూ ఉండిపోయాడు.

ఆఖరి రోజు వచ్చింది. కెప్టెన్ ఉపన్యాసం పొద్దున్నే తీసేశారు. నిఖిలేశ్ తెల్లచొక్కాలో గుమ్మడికాయ ఫోటో కోసం కూర్చున్నాడు. షూటింగ్ ముగిసినట్టు గుమ్మడికాయ కొట్టడానికి నిర్మాత ముహూర్తం పెట్టించి, కాయను సిద్ధంగా ఉంచాడు. మిగిలింది పైడిరాజు చావు ఒక్కటే. ఆయన తలుపు పట్టాడు. నా రెండు కుట్లూ కిర్రుమన్నాయి. ఎన్నిసార్లు చచ్చానో గాని, అంత బాగా ఎప్పుడూ చావలేదు. షెడ్డులో చప్పట్లు మోగాయి. కట్ అన్నారు, కెమెరా ఆపలేదు, అందరూ నవ్వు కోసం చూస్తున్నారు.

పైడిరాజు లేవలేదు.

మొదట దెబ్బ తగిలిందని కంగారుపడ్డారు. బాషా పరిగెత్తుకొచ్చి శిరస్త్రాణం తీశాడు. పైడిరాజు కళ్లు తెరిచే ఉన్నాయి.

"రాజూ, లేవయ్యా. నవ్వేసెయ్, ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు మురళీధర్.

"సచ్చినోడు ఎలా నెగుస్తాడు బావూ? ఆడి పేరు సెప్పండి, నెగుస్తాను."

అప్పుడు చూడాలి మావాళ్ల తమాషా. చావును నవ్వుతో విప్పకుండా గుమ్మడికాయ కొడితే ఆ చావు ఎవరి ఇంటికి పోతుంది? నిర్మాత కాయను పట్టుకున్నవాడిని వెనక్కి లాగాడు. లైట్ల వాళ్లు లైట్లు ఆర్పడానికి ఒప్పుకోలేదు. ఆయన బదులు ఇంకెవరినైనా కెమెరా ముందు నవ్వమందామని ఎవరో అంటే, ఇంకొకరి చావు మనం ఎలా నవ్వుతామని జూనియర్ ఆర్టిస్టులంతా గోడకు ఆనుకుని నిలబడ్డారు. చంద్రుణ్ణి దాటి పోయిన ఓడ, నేల మీద పడుకున్న ఒక్క మనిషి దగ్గర ఆగిపోయింది. నేను ఆయన గుండె మీదే ఉన్నాను. అది దడదడ కొట్టుకుంటోంది. పని పోతుందని ఆయనకు తెలుసు. షెడ్డులో ఇంకెప్పుడూ పిలవరని కూడా తెలుసు.

నిఖిలేశ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. రెండు లైన్లు కూడా కంఠతా పట్టడని ఆయన మీద నాకు చిన్నచూపు ఉండేది. ఆ రోజు ఆయన తెల్లచొక్కాతోనే దుమ్ములో చతికిలబడి, వాడి పేరేమిటో నువ్వే చెప్పమని అడిగాడు.

"యడ్ల దాలినాయుడు," అన్నాడు పైడిరాజు.

హేమలత లోపలికి వెళ్లి కంప్యూటర్ తెచ్చి నిఖిలేశ్ ముందు పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు తెర మీద లేచి నవ్వారు. జగన్నాథం, ఎర్రయ్య, సూరయ్య, పాలు మరిచిపోయిన మేరీ రత్నం. నిఖిలేశ్ చాలాసేపు చూశాడు. ఇంతమంది తన పక్కన పోయారా అన్నాడు. తర్వాత ఇన్ని పేర్లు ఎలా పుట్టించావయ్యా అని పైడిరాజును అడిగాడు.

"నాను పుట్టించనేదు బావూ. నావన్నీ మా సమాజంలోవోళ్లవే. జగన్నాథం తెర లాగీవోడు. ఎర్రయ్య లైట్లు ఎలిగించీవోడు. దాలినాయుడు పెట్టెలు మోసీవోడు. ఓపాలి వరదలో గెడ్డ దాటతంటే బండి ఒరిగిపోనాది. ఆడు సెక్రానికి బుజం పెట్టి నిలబడ్డాడు. మేమందరం ఒడ్డుకెక్కినాం. ఆడెక్కనేదు. మర్నాడు నాటకం ఆడినాం గాని, ఆడి పేరు ఎవులూ తల్సనేదు. నానూ తల్సనేదు."

బాషా తల తిప్పుకున్నాడు. మురళీధర్ చేతిలోని కాగితాలు కాసేపు చూసి, కెప్టెన్ ఉపన్యాసం మళ్లీ తీస్తున్నామని, లైట్లు మార్చమని చెప్పాడు. నిర్మాత ముహూర్తం అన్నాడు. మురళీధర్ సాయంత్రం ఇంకో ముహూర్తం చూడమన్నాడు.

నిఖిలేశ్ ఆ పేర్లన్నీ కంఠతా పట్టాడు. ఎవరూ అందించలేదు, ఒక్క పేరూ తడబడలేదు. భూమికి పెట్టే దండం, కంప్యూటర్‌కు చెప్పే కృతజ్ఞత తీసేశారు. కెప్టెన్ తలుపు పక్కన నిలబడి, తాను ఇంటికి రావడానికి ఎవరెవరు రాలేకపోయారో ఒక్కొక్కరిగా చెప్పాడు. యడ్ల దాలినాయుడి పేరు చివర చెప్పి, ఆ తలుపుకు తన భుజం ఆనించాడు. అది రాసి ఉన్నది కాదు. కట్ అన్నాక, అప్పటిదాకా నేల మీదే ఉన్న పైడిరాజు లేచి కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వాడు. కళ్లు తడిసి ఉన్నాయి గాని నవ్వు నవ్వే. గుమ్మడికాయ అప్పుడు పగిలింది.

ఆ భాగం వచ్చిన రాత్రి తెర మీద తదితరులు అన్న మాట పడలేదు. దాని చోట పేర్లు పడ్డాయి, ప్రతి పేరుకూ ఎదురుగా ఆ వేషం వేసిన మనిషి పేరు. సన్యాసమ్మ అన్నం వడ్డిస్తూ ఆ రోజు పేరు అడగలేదట. దాలినాయుడు వాళ్ల వీధివాడేనట. పైడిరాజుకు పని పోలేదు, పైగా పిలుపులు పెరిగాయి. ఇది విని నేను ఏమీ ఆశ్చర్యపోలేదు. అంత బాగా చచ్చేవాడిని ఎవరు వదులుకుంటారు?

ఇప్పుడు నేను ఆ షెడ్డు ముందు గదిలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్క పెట్టెలో తెల్లచొక్కా ఉంది. దాని కింద పలక మీద ఒక్క పేరు. దాన్ని చూపించేటప్పుడు గైడు గబగబా చెప్పేస్తాడు. నా దగ్గరికి వచ్చేసరికి ముందు గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడు, అన్ని పేర్లు చదవాలి కనుక. పిల్లలు నా అతుకులు లెక్కపెడతారు. పక్క పెట్టెలో లెక్కపెట్టడానికేమీ లేదు. కొంచెం గర్వం ఉంది, దాచను.

మొన్న పైడిరాజు సన్యాసమ్మను వెంటబెట్టుకుని, అందరితో పాటు వరసలో వచ్చాడు. గైడు ఆయన్ని గుర్తుపట్టలేదు. పేర్లన్నీ చదివి ముందుకు పోయాడు. వాళ్లిద్దరూ ఆగిపోయారు. పైడిరాజు అద్దం లోపల వేలాడుతున్న నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. గాలి తగలకుండా, కదలకుండా, ఎవరి ఒంటి మీదా లేకుండా ఉన్న చొక్కా ఆయన కంటికి ఇంకా లేవని శవంలా కనిపించిందని నాకు అర్థమైంది.

ఆయన అద్దానికి దగ్గరగా వచ్చి, నావైపు తిరిగి, నోరారా నవ్వాడు. చావు షాట్ అయ్యాక నవ్వే నవ్వు. నాకు నోరు లేదు కదా, నా తరఫున ఆయనే నవ్వాడు.