పొట్టి చెయ్యి స్వెట్టరు

ముప్పై రెండేళ్లు బస్సు నడిపినవాడికి రెండు సూదులు లొంగకపోవడమేమిటి అనుకున్నాడు డ్రైవరు. వారం తిరిగేసరికి సంగతి తెలిసొచ్చింది.

ఆయన రిటైరైన ఏడాదికి కూతురు నెల తప్పింది. భార్య బతికుంటే పుట్టబోయే బిడ్డకి అన్నీ తనే అల్లేది. ఆవిడ పోయాక మిగిలినవి బీరువా అడుగున నాలుగు పసుపుపచ్చ ఊలుండలు. అవి చంకన పెట్టుకుని పై వాటాలో ఉండే నర్సమ్మ తలుపు తట్టాడు.

నర్సమ్మ కూడా రిటైరైన మనిషే. ఒకప్పుడు పురిటి వార్డులో పుట్టిన పిల్లలెందరికో టోపీలు అల్లి తొడిగింది. ఇప్పుడు కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయి, గ్లాసు పట్టుకోవడమే గగనమైంది. అందుకే నోటితోనే నేర్పింది.

“అది స్టీరింగు కాదు డ్రైవరు గారూ, కాస్త వదులుగా పట్టుకోండి. ఎవరూ లాక్కుపోరు.”

గుబురు మీసాల మగాడు ఊలు అల్లుతున్నాడని డిపోలో తెలిస్తే ఇంకేమైనా ఉందా! కిటికీ తెరలు లాగి అల్లేవాడు. ఎవరైనా తలుపు కొడితే ఊలు, సూదులు దిండు కిందికి తోసేవాడు. ఎలాగైతేనేం, మూడు నెలలకి చిన్న స్వెట్టరు తయారైంది.

నర్సమ్మ దాన్ని ఒళ్లో పరుచుకుని చూసి, “ఎడమ చెయ్యి రెండు వేళ్లంత పొట్టి. విప్పి మళ్లీ అల్లండి” అంది.

“పసిగుడ్డుకేం తెలుస్తుంది లెండి” అని దాటేశాడు.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. రెండో నెలలో ఒక ఆదివారం దగ్గరివాళ్లంతా పాపని చూడ్డానికి వచ్చారు. డ్రైవరు నర్సమ్మని కూడా వెంటబెట్టుకెళ్లాడు. ఇరవై ఏళ్లు ఆయన బస్సులోనే టిక్కెట్లు కొట్టిన కండక్టరు భార్యతో వచ్చాడు. కూతురు తండ్రి తెచ్చిన పొట్లం విప్పి, మురిసిపోతూ స్వెట్టరు పాపకి తొడిగింది.

“ఎంత బావుందో! ఎవరల్లారు నాన్నా?”

కండక్టరు ఊరుకుంటాడా? “ఇంకెవరమ్మా, మీ నాన్నే! బస్సు ఆగిన చోటల్లా నాలుగు వరుసలు అల్లేవాడుగా!”

గది గదంతా గొల్లున నవ్వింది. ఊరికే ఆటపట్టించడానికన్న మాటని డ్రైవరుకీ తెలుసు. అయినా చెవులు వేడెక్కాయి.

“నేనా? నాకేం పనిలేదా? నర్సమ్మగారు అల్లారు.”

నర్సమ్మ తలెత్తి ఒక్కసారి ఆయన వైపు చూసింది. చేతులు శాలువా లోపలికి లాక్కుని, “ఏదో, కాలక్షేపానికి” అంది.

అంతటితో పోయినా బాగుండేది. కూతురి అత్తగారు పాప చేతులు రెండూ చాపి చూసింది. “అయ్యో, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు! కొలత చూసుకోలేదా నర్సమ్మగారూ?”

“ఇంజెక్షన్లు కూడా ఇలాగే గురి తప్పేవా ఏంటండీ?” అన్నాడు కండక్టరు.

మళ్లీ నవ్వులు. నర్సమ్మ కూడా నవ్వింది. “కళ్లు ఆనడం లేదండీ ఈ మధ్య” అంది. డ్రైవరు మాత్రం ఎప్పుడో ఖాళీ అయిన కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నోరు తెరవడానికి అరక్షణం చాలు. తెరవలేదు.

ఇంటికి చేరాక మెట్ల దగ్గర చెయ్యి అందించబోతే, “పర్లేదు, ఎక్కగలను” అందామె.

వారం రోజులు ఆమెకి మొహం చూపించలేకపోయాడు. మెట్ల మీద చప్పుడైతే తలుపు దగ్గరే ఆగిపోయేవాడు. అన్నం సయించలేదు. ఎనిమిదో రోజున ఇక ఉండబట్టలేక పైకి వెళ్లాడు.

“నన్ను తిట్టండి నర్సమ్మగారూ.”

“అబద్ధమాడారని కోపం లేదండీ. మగవాళ్ల బింకాలు నేను చూడనివా?” అందామె నెమ్మదిగా. “కానీ విప్పమన్నానా, లేదా? చేతులు బావున్న రోజుల్లో అలాంటి వంకర పని ఒక్కటి కూడా గడప దాటనివ్వలేదు నేను. నేనల్లినవన్నీ ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. నా పేరు మీద మిగిలింది ఆ ఒక్కటే.”

మర్నాడు పొద్దున్నే డ్రైవరు కూతురింటికి వెళ్లి, ఆమె అత్తగారి ముందే ఉన్నదంతా చెప్పేశాడు. “నువ్వల్లావా నాన్నా!” అంటూ కూతురు కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఆమె మొహం మారింది.

“మరి ఆవిణ్ణి అన్నేసి మాటలంటుంటే నువ్వక్కడే ఉన్నావుగా?”

ఉన్నాడు.

స్వెట్టరు తీసుకుని అటునుంచటే డిపోకి పోయి, కండక్టరుకి కూడా చెప్పాడు. వాడు బెంచీ చరుస్తూ పగలబడి నవ్వి, “నాకో మఫ్లరు అల్లిపెట్టు గురూ” అన్నాడు. డ్రైవరు జన్మంతా భయపడ్డ నవ్వు టీ చల్లారేలోపే అయిపోయింది. దీనికోసమా ఆ మనిషిని అలా వదిలేశాను అనుకున్నాడు. ఆ సాయంత్రం కండక్టరు తనే వచ్చి నర్సమ్మకి క్షమాపణ చెప్పుకుని వెళ్లాడు.

తర్వాత నాలుగు రోజులు డ్రైవరు ఆమె ముందు కూర్చుని ఎడమ చెయ్యి విప్పి మళ్లీ అల్లాడు. ఆమె కుట్లు లెక్కపెట్టింది, తప్పు పోయిన చోట చెప్పింది, అంతకుమించి మాట్లాడలేదు. అయ్యాక రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, ఆ వంకర వేళ్లతో తడిమి చూసింది.

“సరిపోయింది” అంది.

ఇంకో మాటేదైనా అంటుందేమోనని ఆయన కాసేపు నిలబడ్డాడు.

“వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేయండి, చలిగాలి వస్తోంది” అంది నర్సమ్మ.