నిప్పు తేబోయిన పిల్ల

ఇప్పపూలు రాలే రోజుల్లో మద్దేడ్ ఊళ్లో పెద్దలంతా తెల్లవారగానే అడవికి పోయేవారు. నడక వచ్చి, పూలేరే ఓపిక ఇంకా రాని పిల్లల్ని రామక్క దగ్గర వదిలి వెళ్లేవారు. ఆమె గోదావరి అవతలి నుంచి కూలికి వచ్చి, భర్త పోయాక ఇక్కడే ఉండిపోయిన మనిషి. అంతమంది పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి ఆమెకు తెలిసిన ఉపాయం కథ ఒక్కటే.

ఆ కథలకు మాడ కిన్నెర వాయించేవాడు. అతను దోర్ల తెగ రైతు. తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు కుడికాలు వంకరపోయింది, అడవికి పోలేడు. వెదురుకు సొరబుర్ర కట్టి కిన్నెర తనే చేసుకున్నాడు. మాటలు రామక్కవి, కథలో వాన, వాగు, పులి నడక అతని తీగల్లోంచి వచ్చేవి. ఆమె తెలుగు సరిగా అందని దోర్ల పిల్లలు కిన్నెర వింటూ కథ పట్టుకునేవారు.

మాడ భార్య పురిట్లోనే పోయింది. కూతురు జోగి అతని చేతుల్లోనే పెరిగింది. తొమ్మిదేళ్ల జోగి తండ్రి మోకాలికి ఆనుకుని కూర్చుని రోజూ ఒకే కథ అడిగేది. ఊళ్లో పొయ్యిలన్నీ ఆరిపోతాయి. ఒక పిల్ల వాగు దాటి సూర్యుడి ఇంటికి వెళ్లి కుండలో నిప్పు అడిగి తెస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు వాగు పొంగుతుంది. కుండ నెత్తిన పెట్టుకుని, మెడలోతు నీళ్లలో దాటి ఇల్లు చేరుతుంది. గుమ్మంలో తండ్రి ఎదురుచూస్తుంటాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాక గత్తర, అంటే కలరా, వచ్చింది. జగదల్‌పూర్ నుంచి రాజుగారి మనుషులు బావుల్లో వేసే ఎర్రమందు తీసుకుని ఎడ్లబండి మీద వచ్చేసరికి ఊళ్లో పదకొండు మంది పోయారు. జోగికి ఒకనాడు పొద్దున వాంతులు మొదలయ్యాయి. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

మాడ ఏడవలేదు. వానలు పడ్డాక అందరిలాగే చేను దున్నించాడు, కోతలయ్యాక వడ్లు ఇంటికి చేర్చాడు. కిన్నెర ముట్టుకోలేదు.

మళ్లీ పూలు రాలే రోజులు వచ్చాయి. మొదటి రోజే అతను కిన్నెర పట్టుకుని వచ్చి తన చోట కూర్చున్నాడు. రామక్క కోతి కథ చెప్పింది, నక్క కథ చెప్పింది. మూడో రోజు ఆరేళ్ల సోమి పట్టుబట్టింది.

"నిప్పు తేబోయిన పిల్ల కథ చెప్పవ్వా."

రామక్క మాడ వైపు చూసింది. అతను తల దించుకుని తీగ బిగిస్తున్నాడు. ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. సూర్యుడి ఇంటిదాకా బాగానే సాగింది. తిరుగు దారిలో పిల్ల వాగు ఒడ్డుకు రాగానే కిన్నెర ఆగిపోయింది. పిల్లలంతా అటు తిరిగారు.

"ఇయ్యాలకు ఇంతే. పిల్ల అలిసింది, ఒడ్డున కూసున్నది," అంది రామక్క.

మర్నాడూ అక్కడే ఆగింది. ఆ మర్నాడూ అంతే.

"ఎన్ని దినాలు కూసుంటదవ్వా? ఆకలి కాదా?" అని అడిగాడు ఒక పిల్లవాడు.

పిల్లలు వెళ్లాక రామక్క మాడ పక్కన కూర్చుంది. "తమ్మీ, ఈ కథ ఇడిసిపెడదాం. నాకు ఏరే కథలు లేవా ఏంది?"

అతను కిన్నెర పక్కన పెట్టాడు. "ఆ పొద్దు జోగి వాయించమని అడిగిందక్కా. గంజి కాగనీ బిడ్డా, తాగినంక వాయిస్త అన్న. గంజి దించి చూసేవరకు మాట లేదు."

రామక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

మరుసటి రోజు ఆమె కథ మొదలుపెట్టకముందే సోమి మాడ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామా, ఆ పిల్లను దాటియ్యవా? వాళ్లయ్య గుమ్మంల కూసోని చూస్తుండు గదా."

మాడ సోమిని చూశాడు. కిన్నెర ఎత్తుకున్నాడు. వాగు పొంగింది, నీళ్లు మోకాళ్లకు, నడుముకు, మెడకు వచ్చాయి. రామక్క ఒక్క మాట కలపలేదు. అతని చెంపల మీంచి నీళ్లు సొరబుర్ర మీద పడుతున్నాయి, చెయ్యి ఆగలేదు. పిల్ల ఒడ్డెక్కింది, పొలాల మీదుగా నడిచి ఊరు చేరింది, ఇంటి ముందుకొచ్చింది. అక్కడ అతను కిన్నెర చంకన పెట్టుకుని లేచాడు.

"మిగిలింది నువ్వు చెప్పక్కా. ఇంటికొచ్చిందని చెప్పు. నేను ఇనలేను."

కుంటుకుంటూ వెళ్లిపోయాడు. అతను కంచె మలుపు తిరిగేదాకా రామక్క నోరు విప్పలేదు. తర్వాత చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆ కథ చెప్పిన ప్రతిసారీ మాడ గుమ్మందాకా వాయించి లేచి వెళ్లేవాడు. రామక్క ఆగేది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు కూడా ఆగడం నేర్చుకున్నారు. మరుసటి ఏడు మరైగూడ నుంచి చుట్టంగా వచ్చిన ఒక చిన్నది తొందరపడి, "ఇంటికొచ్చిందా?" అనబోతే సోమి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మాడ మలుపు దాటాడని చూసుకున్నాకే చెయ్యి తీసింది.