పీకి చూసే చెయ్యి

మా నర్సరీలో మొక్కకి వేరు రాకపోతే మట్టిని తిట్టేవారు, ఎండని తిట్టేవారు, ఏమీ దొరక్కపోతే నీళ్ళ పైపుని తిట్టేవారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. నా హస్తవాసి అలాంటిది. ముప్ఫై ఏళ్ళుగా తుంపర గది తాళం నా బెల్టుకే వేలాడుతూ ఉండేది. తుంపర గదంటే ఏం లేదు, కోసిన కొమ్మ ముక్కల్ని ఇసుక ట్రేల్లో గుచ్చి, వేళ్ళు వచ్చేదాకా పెట్టే ప్లాస్టిక్ గది. పైన సన్నటి పైపులు పది నిమిషాలకోసారి మంచులా నీళ్ళు చిమ్ముతాయి. లోపలికెళ్ళి వస్తే చొక్కా పిండుకోవాలి. అందుకే నేను బయటికి రాగానే మెడకింత ముఖం పౌడరు కొట్టుకుంటాను. "గోడకి సున్నం వేసినట్టు ఏంట్రా అది" అంటుంది మా అక్క.

నర్సరీ అక్కదే. బావ మొదలుపెట్టాడు, ఆయన పోయాక అక్క నడుపుతోంది. "వీడు చీపురుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట పట్టుకుని ఒకసారి నేను నిజంగానే కుండీలో చీపురుపుల్ల గుచ్చి, దానికి నాలుగు ఆకులు దారంతో కట్టి, మా మేనల్లుడికి చూపించాను. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. నెల రోజులు నీళ్ళు పోశాడు. ఆకులు వాడినప్పుడల్లా నేను కొత్తవి కట్టేవాణ్ణి. ఇప్పుడు వాడు మా వ్యాను నడుపుతాడు. ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా హారన్ కొడతాడని అందరూ వాణ్ణి హారన్ అనే పిలుస్తారు. చీపురుపుల్ల ఊసెత్తితే ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

ఇలా నా రాజ్యం నడుస్తుండగా హారన్‌గాడు పెళ్ళి చేసుకున్నాడు.

కోడలు పిల్ల మొక్కల చదువు చదివింది. వచ్చిన వారానికే చేతిసంచిలోంచి అరచేతిలో పట్టే తెల్ల డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మాయ్, పళ్ళపొడా?"

"వేరు పొడి మావయ్యా. హార్మోను."

"హార్మోనియమా? మన ఇంట్లో పాడేవాళ్ళెవరూ లేరే!"

నవ్వింది. నవ్వకపోతే బాగుండేది. నవ్వేవాళ్ళ మీద కుళ్ళుకోవడం చాలా కష్టం. అయినా నేను కష్టపడి కుళ్ళుకున్నాను. పొద్దున మొదటి గ్లాసు టీ ఎప్పుడూ నాకొచ్చేది, అది ఆ పిల్లకి వెళ్ళడం మొదలైంది. రెండో గ్లాసు వేడిగానే ఉంటుంది, కాదనను. కానీ రెండోది రెండోదే. పన్నెండేళ్ళుగా తన నిమ్మచెట్టు బాధలన్నీ నాకు చెప్పుకున్న పళ్ళ డాక్టరు ఒకరోజు వచ్చి, నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "ఆ అమ్మాయి లేదా?" అన్నాడు. నేను ఇక్కడ గడకర్రలా నిలబడి ఉన్నాను! ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంతలో గోడ సంగతి వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట, మా ప్రహరీ కొట్టేస్తారట. ఆ గోడ మీదే గోడదూకుడు ఉంది. అదొక పాకే గులాబీ. నర్సరీ పెట్టిన ఏడాది బావ ఎక్కడినుంచో చిన్న పుల్ల తెచ్చి పాతాడు. లోపల పసుపు, అంచుల్లో గులాబీ రంగు. పూలన్నీ వీధి వైపే పూస్తుందని ఆ పేరు పెట్టాం. దాని అసలు పేరేంటో ఎవరికీ తెలియదు, అలాంటిది ఇంకోచోట చూసినవాళ్ళూ లేరు. మొదలు పునాది రాళ్ళ కింద ఇరుక్కుంది, తవ్వి తీయడం కుదరదు. పైన సగం చీడ పట్టి ఎండింది. వెతికి వెతికి కోస్తే పనికొచ్చే పుల్లలు పన్నెండే దొరికాయి.

అక్క ఆ పన్నెండూ తడిగుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆరు నువ్వు గుచ్చు, ఆరు కోడలు గుచ్చుతుంది. ఎవరివి బతికితే తుంపర గది తాళం వాళ్ళది. ఇది పోతే మాత్రం ఇద్దరి మొహాలూ చూడను."

"తాళం పందెమా! అక్కా, నేను నీ తమ్ముణ్ణి."

"అందుకే ఆరిచ్చాను. లేకపోతే నాలుగే."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర హారన్‌గాడు పెళ్ళాన్ని అడిగాడు, అసలు ఆ పొడి ఏం చేస్తుందని. ఆ పిల్ల చెంచాతో గాల్లో కొమ్మ గీస్తూ చెప్పడం మొదలుపెట్టింది. కొమ్మ కొసన లేత చిగురు ఉంటుంది చూడు, అక్కడ ఒక మందులాంటిది తయారవుతుందట. అది మెల్లగా కిందికి దిగుతుందట. కొమ్మ కోస్తే దిగడానికి దారి లేక కోసినచోటే పోగవుతుందట, అది చూసి చెట్టు అక్కడ వేళ్ళు వేస్తుందట. డబ్బాలో ఉన్నది దానికి తోబుట్టువు లాంటిదట.

"ఇంకోటి ఏంటంటే అత్తయ్యా, పైన కొస ఉన్నంతకాలం ఆ మందే కింది మొగ్గల్ని లేవనివ్వదు. కొస తుంచితే అప్పుడు అవి లేస్తాయి."

"మనింట్లోనూ ఉందిలే ఒక కొస" అంది అక్క నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. కోడలి వెనకాలకి చేరి, ఆ పిల్ల చెంచా తిప్పినట్టే గరిటె తిప్పుతూ, పెదాలు ఆడిస్తూ మొదలుపెట్టాను. హారన్‌గాడికి పొలమారింది. ఆ పిల్ల ఇంకేదో ముఖ్యమైన ముక్క చెప్తోంది, వేలి కొస చూపిస్తూ "ఇంతకంటే..." అంటోంది. మిగతాది వాడి దగ్గులో కలిసిపోయింది. నేను ఆ ముక్క వినలేదు. గరిటె తిప్పుతున్నాను కదా.

భోజనం మధ్యలో "చెయ్యి కడుక్కొస్తా" అని లేచి తిన్నగా షెడ్డులోకి వెళ్ళాను. వేరు పొడి మొత్తం కాగితంలో వంచుకున్నాను. ఖాళీ డబ్బాలో నా మెడ పౌడరు నింపాను. రెండూ తెల్లనివే. వాసనే తేడా. తుంపర గదిలో తడిసి తడిసి ఆ వారం కోడలికి ముక్కు మూసుకుపోయి ఉంది, "మావయ్య" అనబోతే "బావయ్య" అని వస్తోంది. దేవుడు నా పక్షానే ఉన్నాడనుకున్నాను.

ఇద్దరం ఎదురెదురు బల్లల దగ్గర గుచ్చాం. ఆ పిల్ల కణుపు కింద ఏటవాలుగా కోసింది, పైన రెండాకులు ఉంచింది, కొసలు పౌడరులో అద్ది దులిపింది. ఇసుకలో గుచ్చి బొటనవేలితో రెండుసార్లు నొక్కింది. రెండుసార్లు నొక్కడం నా పద్ధతి. ఎప్పుడు చూసి పట్టేసిందో! నా జేబులో సొమ్ము కొట్టేసినంత పనైంది.

నేనూ అలాగే కోసి, అటు తిరిగి, కాగితం విప్పాను. ఈ పిడికెడు పొడి అంత పని చేస్తే, దట్టంగా పట్టిస్తే ఇంకెంత చేస్తుందో! కింద కొసలు నీళ్ళలో ముంచి పొడిలో దొర్లించి, మళ్ళీ ముంచి మళ్ళీ దొర్లించాను. పుల్లలకి తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు అయింది.

ఎనిమిదో రోజుకి నా పుల్లల ఆకులు కిందికి ముడుచుకున్నాయి. పన్నెండో రోజుకి పసుపెక్కాయి. అవతలి బల్ల మీద ఆరూ నిక్కుతున్నాయి, చిగురు కళ్ళు కూడా ఎర్రగా ఉబ్బాయి. మెడ పౌడరుతో! నాకు నిద్ర లేదు. పదిహేనో రోజు ఎవరూ లేనప్పుడు, ఉత్త ఆకులేమో, కింద ఏమీ ఉండదేమో అని వాటిలో ఒకటి పీకి చూశాను. పుటుక్కుమని చిన్న చప్పుడు. కింద అరంగుళం తెల్ల వేళ్ళు, సగం తెగి ఇసుకలోనే ఉండిపోయాయి. మళ్ళీ గుచ్చేశాను. బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగుతాడు. నేను ఇంకోటి కూడా పీకాను, మొదటిది ఏదో అదృష్టమేమోనని.

ఆ రెండూ వారంలో వాడిపోయాయి. ఆ వారమే గోడ కూడా కొట్టేశారు. గోడదూకుడు మట్టిలో ఇటుకల కింద పడి, లారీ ఎక్కి పోయింది. అక్క ఆ పూట టీ తాగలేదు.

నెల తిరిగాక ట్రేలు బయట బల్ల మీద పెట్టాం. పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు, నిమ్మచెట్టు వంకతో. నా ఆరింటిని అక్కే ఇసుకలోంచి తీసింది. కింద బొగ్గులా నల్లగా ఉన్నాయి, ఒక్కదానికీ వెంట్రుకంత వేరు లేదు. ఒక్కదానికి మాత్రం ఎందుకో ఇంకా ఒక ఆకు పచ్చగా ఉంది. అన్నీ చెత్త బకెట్లో పడేశాను. కోడలివి నాలుగు బతికాయి. తెల్లటి వేళ్ళు గడ్డంలా దిగాయి.

అక్క ఆ నాలుగింటినీ చాలాసేపు చూసింది. చూసి నా ముందు చెయ్యి చాపింది. నేను బెల్టు నుంచి తాళం విప్పుతున్నాను.

"మావయ్య దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యా" అంది కోడలు. "నాదేముంది, పొడి పని. ఎవరు అద్దినా వచ్చేవే."

"అంతేగా మరి, అంతా పొడి మహిమ" అన్నాడు పళ్ళ డాక్టరు.

"పొడే! నూటికి నూరుపాళ్ళు పొడే!" అన్నాను నేను అందరికంటే గట్టిగా. నిజం చెప్పొద్దూ, చల్లగా మంచినీళ్ళు తాగినట్టనిపించింది. తాళం పోతే పోయింది, హస్తవాసి మాత్రం ఆ పిల్లకి వెళ్ళలేదు. డబ్బాకి వెళ్ళింది. డబ్బా మీద నాకేం కుళ్ళు?

ఆ పిల్ల వాడిపోయిన ఆ రెండు పుల్లలూ అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"ఈ రెండూ నా వల్లే పోయాయి అత్తయ్యా. వేళ్ళు వచ్చి కూడా తెగిపోయాయి. నేనే సరిగ్గా నొక్కలేదేమో. మావయ్య చెయ్యైతే ఇలా అయ్యేది కాదు."

ఎగతాళి చేస్తోందేమోనని మొహం చూశాను. లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

నేను జీవితంలో చాలామందిని ఏడిపించాను, నవ్వుతూనే. ఇది అలా లేదు.

"అమ్మాయ్, నీ ముక్కు బాగైందా?"

"ఆఁ, బాగైంది."

"అయితే ఆ డబ్బా వాసన చూడు."

షెడ్డులోంచి డబ్బా తెచ్చి, మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత నెమ్మదిగా తలెత్తి నా మెడ వైపు చూసింది. హారన్‌గాడు కూడా చూశాడు. పళ్ళ డాక్టరు ఎందుకైనా మంచిదని ఒకడుగు వెనక్కి వేశాడు.

"నీ పొడంతా నా పుల్లలకే పట్టించాను. నీకు పెట్టింది మెడ పౌడరు. ఆ రెండింటినీ పీకింది కూడా నేనే. వేళ్ళు వచ్చాయో లేదో చూద్దామని."

"ఎంత పట్టించారు?"

"ఉన్నదంతా."

"మావయ్యా, ఆ రోజు చెప్పాను కదా, అది అగ్గిపుల్ల తలకి అంటుకునేంత చాలని! ఎక్కువైతే కాల్చేస్తుంది, అదే వేరు రానివ్వదు."

గరిటె గుర్తొచ్చింది. "అంటే నీవి ఉత్తినే వచ్చాయా?"

"ఆకులూ చిగురు కళ్ళూ ఉంచాను కదా. వాటి మందు అవే చేసుకుని కిందికి దింపుకున్నాయి." నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. "సరదా సంగతి తర్వాత. ఇవి కూడా పోయుంటే? గోడ కూడా లేదిప్పుడు. అత్తయ్యకి ఏం చెప్పేవారు?"

అక్క అందుకుంది.

"ముప్ఫై ఏళ్ళు ఏ పొడీ లేకుండా గుచ్చావు కదరా దరిద్రుడా! నీ పద్ధతిలో నువ్వు గుచ్చుంటే నీ ఆరూ వచ్చేవి."

అదీ అసలు దెబ్బ. తాళం నేనే తీసి కోడలి చేతిలో పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ మర్నాటి నుంచి నాకు ట్రేలు కడిగే పని. హారన్‌గాడు పక్కనుంచి వెళ్తూ ప్రతిసారీ హారన్ కొడతాడు. కోడలు మర్యాదగానే మాట్లాడుతుంది, అదే భయంగా ఉండేది. మొదటి గ్లాసు టీ వైపు నేను చూడ్డం మానేశాను. మానేశానంటే, ఓరకంట చూస్తున్నాను.

ఆరు వారాల తర్వాత ఒక పొద్దున నేను ట్రేలు కడిగే తొట్టి గట్టు మీద చిన్న కుండీ కనిపించింది. అందులో ఒక పుల్ల. పుల్లకి నాలుగు ఆకులు, దారం చుట్లు చుట్టి ఉంది. కుండీకి అంటించిన చీటీ మీద 'మావయ్య హస్తవాసి' అని రాసి ఉంది.

"ఓహో! ఒరే అల్లుడూ, ఇరవై ఏళ్ళకి కక్ష తీర్చుకున్నావా!" అని అరిచాను. షెడ్డు తలుపు వెనకాల గుసగుసలు, కిచకిచలు. వాళ్ళు నవ్వుతున్నారంటే నన్ను క్షమించినట్టే. నాకు ప్రాణం లేచొచ్చింది. చీపురుపుల్లని పీకి వాళ్ళ మీదికి విసురుదామని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను.

రాలేదు.

ఇంకాస్త లాగబోతూ వంగి చూశాను. దారం ఉత్తిదే, ఆకుల్ని అది పట్టుకోలేదు. ఆకులు పుల్లలోంచే వచ్చాయి. కింద ఎవరో నల్లబడిన మేరకి కోసేసి, కణుపు చూసి, మళ్ళీ ఏటవాలుగా చెక్కారు. చెత్త బకెట్లో పడేసిన నా ఆరింటిలో ఒకటి. పచ్చటి ఆకున్నది.

"ఇందులో ఏ పొడీ లేదు మావయ్యా" అంది కోడలు తలుపు వెనకనుంచి. "కానీ మీరు పీకకుండా ఉండలేరని మీ అల్లుడితో పందెం వేశాను."

అయిదు బతికాయి, అయిదూ ఆ పిల్ల చేతిలోనే. కుళ్ళు మళ్ళీ కాస్త చిగురేసింది, అబద్ధం ఎందుకు. నా వేళ్ళ మధ్య పుల్ల ఇంకా ఉంది. కింద ఇసుకలో వేరు పట్టుకున్న బిగువు వేళ్ళకి తెలుస్తోంది. ఎంత వచ్చిందో ఒక్కసారి చూస్తే...

"మావయ్యా!"

"చూడ్డంలేదమ్మా" అన్నాను. పుల్ల పక్కన ఇసుకని బొటనవేలితో రెండుసార్లు నొక్కి, చెయ్యి తీసేశాను.