గడ్డిపోచకు రెండో కొస

అచ్చియ్యమ్మ కర్రతో ఎండు చెరకు పిప్పిని పొయ్యి నోట్లోకి తోసి, మొహం పక్కకు తిప్పుకుంది. పదేళ్ల అలవాటు. మంట ఒక్కసారి బయటికి వచ్చి లోపలికి పోతుంది. ఆ క్షణంలో తిప్పుకోకపోతే కనుబొమలు మిగలవు. ఆమెకు ఎడమ కనుబొమ ఎప్పుడూ సగమే. మోచేతుల దాకా మసి, గోళ్ల కింద మసి, దగ్గితే మసి. ముప్పై నాలుగేళ్ల మనిషి. చూసినవాళ్లు యాభై అంటారు, అని నాలుక కూడా కరుచుకోరు.

పైన పెనంలో రసం కుతకుత ఉడుకుతోంది. చోడవరం చుట్టుపక్కల చెరకంతా నరికేశారు. కృష్ణంరాజుగారి బెల్లం పాకలో ఈ ఏటికి ఇదే ఆఖరు రోజు. పాకలో అందరికీ సంతోషమే. అచ్చియ్యమ్మకే లేదు. రేపటి నుంచి కె.కోటపాడు చెరకు బండ్లు ఇటు రావు. బండ్లు రాకపోతే కొండబాబు రాడు.

కొండబాబు పెళ్లాం పోయిన మనిషి. ఈ పంటకాలమంతా బండి దించాక చుట్ట వెలిగించుకునే వంకతో పొయ్యి దగ్గర నిలబడేవాడు. మాఘమాసంలో ఒకనాడు "మారుమనువు సేసుకుంటావేటి?" అని అడిగేశాడు. ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. పిప్పి తోసింది. ఆ రోజు మంట మాత్రం బ్రహ్మాండంగా మండింది.

మారుమనువు వాళ్ల కులంలో తప్పు కాదు. కానీ ముందు పాత మనువు తెగాలి. కులపెద్ద ఎదుట మొగుడూ పెళ్లామూ ఒక గడ్డిపోచకు చెరో కొస పట్టుకుని తెంపాలి. ఒక్కరే తెంపితే తెగినట్టు కాదు. ఆమె మొగుడు పరదేశి ఎనిమిదేళ్ల కిందట విశాఖపట్నం హార్బరులో పనికని వెళ్లి, అక్కడే ఇంకో మనిషితో కాపురం పెట్టాడు. ఇద్దరు పిల్లలట. రెండో కొస పట్టుకోవడానికి మాత్రం వాడికి తీరిక లేదు. తెంపకుండా వెళితే లేచిపోయిందంటారు. ఆమెనే కాదు, కొండబాబునీ వెలేస్తారు. ఉండిపోదామంటే ఇంట్లో కళ్లు పోయిన అత్త నరసమ్మ, ఇక్కడ ఈ పొయ్యి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అచ్చియ్యమ్మ ఆ తెల్లవారుజామున నిజంగానే నూతి గట్టు ఎక్కి చాలాసేపు నిలబడి, దిగి పనికి వచ్చింది. ఎందుకు దిగిందో ఆమెకే తెలీదు.

పది గంటల వేళ కొండబాబు ఆఖరు బండి దించాడు. ఈసారి చుట్ట వెలిగించలేదు.

"మీ పెద్దనడిగేవా?"

"నిన్న అడిగేను. మొగుడు రావాల అన్నాడు."

"ఆడు రాడు కదా."

"రాడు."

కొండబాబు ఎద్దు మెడ నిమిరాడు. "మా అక్క దేవరాపల్లిలో సమ్మందం సూసింది. నాను పొద్దు వాలేదాకా ఉంటాను. ఆ తరవాత నన్నేటీ అనుకోకు."

ఆమె మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పాకం ముదిరే వేళకు మంట తగ్గించాలి. పదేళ్లలో ఒక్కనాడూ మరవలేదు, ఈవేళ మరిచింది. మాడు వాసన గుప్పుమనేసరికి పాకం చూసే సత్యారావు గరిటె పడేసి అరిచాడు.

"ఓలమ్మా! సచ్చిపోయేవేటి?"

"ఇంకా నేదు బాబూ."

సత్యారావు నవ్వబోయి, ఆమె మొహం చూసి మళ్లీ గరిటె అందుకున్నాడు. బెల్లం నల్లగా దిగింది.

మధ్యాహ్నం గంజి కాయడానికి ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలో కులపెద్ద గణపతిరావు కూర్చుని ఉన్నాడు. నరసమ్మే పక్కింటి చిన్నమ్మి చేత పిలిపించిందట. ముసలిది నులకమంచం మీద నిటారుగా కూర్చుంది. చేతిలో చూరులోంచి లాగిన గడ్డిపోచ.

"వచ్చేవా గుంటా? తెల్లారగట్ల నూతికాడ నిలబడ్డావు. ఎంతసేపటికీ సేద పడ్డ సప్పుడు నేదు. నాను యింటానే ఉన్నాను."

అచ్చియ్యమ్మ గంజికుండ అందుకుంది.

"రెండేళ్ల కితం పరదేశి వచ్చేడు. నువ్వు పనికెళ్లేవు. పోచ తెంపీసి పోతానన్నాడు. నానే ఎల్లగొట్టేను. నువ్వెలిపోతే నాకు గంజెవులు పోస్తారని." నరసమ్మ పోచను ముందుకు చాచింది. "ఆడు ఒప్పుకున్నదే. ఆడి కొస నాను పడతాను. పెద్దా, సెల్లదా?"

గణపతిరావు గడ్డం గోక్కున్నాడు. ఆయన పెద్దరికంలో సగం పని అదే. "కన్నతల్లి సెప్పినాక సెల్లదేటి? సెల్లుద్ది" అన్నాడు.

రెండేళ్లు! అచ్చియ్యమ్మకు ముసలిదాని పీక పిసకాలనిపించింది. ఈ రెండేళ్లూ ఆమెకు తలంటింది, గంజి తాగించింది, పొద్దుటా సాయంత్రం చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. తన చెయ్యి పట్టుకు నడిచిన మనిషే తనను కట్టిపడేసింది. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ కోపంతోనే పోచ కొస పట్టుకుని గుంజింది. అంత బలం అక్కర్లేదు. పోచ చప్పుడు కూడా చేయకుండా తెగింది.

"ఎలిపో" అంది నరసమ్మ. "నన్ను సెమించీసేనని మాత్రం అబద్దమాడకు."

"ఆడను" అంది అచ్చియ్యమ్మ.

గంజి కాచింది. తన మేకను తీసుకెళ్లి చిన్నమ్మి గుంజకు కట్టి, రెండు పూటలా ముసలిదానికి గంజి పొయ్యాలని మాట తీసుకుంది. అటునుంచి బెల్లం పాకకు వెళ్లి, బండిలో చెరకు కట్టే కొబ్బరితాడు ఇమ్మంది. ఎందుకని కొండబాబు అడగలేదు. తాడుతో ఇంటికి వచ్చి చాలాసేపు పని చేసుకుంది. నరసమ్మ వింటూ కూర్చుంది.

పొద్దు వాలకముందే మూట చంకన పెట్టుకుని అచ్చియ్యమ్మ బండెక్కింది. వెనక్కి చూడలేదు; చూస్తే దిగిపోతానని భయం. ఊరు దాటాక మొహాన మసి అలాగే ఉందని గుర్తొచ్చింది. కోటపాడులో కడుక్కోవచ్చులే అనుకుంది.

చీకటి పడేవేళ నరసమ్మ లేచి, అలవాటుగా గాలిలోకి చెయ్యి చాచింది. చెయ్యికి బదులు తాడు తగిలింది: మంచం పక్క గుంజ నుంచి పెరటి గుమ్మం దాకా నడుమెత్తున బిగించి కట్టిన కొబ్బరితాడు, అడుగడుక్కీ ఒక ముడితో.