తొర్రూరు ప్రయాణానికి పోసిన సాక

పెళ్లయిన కొత్తలో రాజీకి అన్నీ ముద్దుగానే ఉండేవి. హరీశ్ బైకు హారన్‌ను తండా మలుపు దగ్గరే గుర్తుపట్టడం, అతను గూడూరు నుంచి తెచ్చిన మిర్చి బజ్జీల్లో పెద్దది ఎవరిదని పోట్లాడుకోవడం, ఒకే దువ్వెన కోసం ఇద్దరూ ఇల్లంతా వెతకడం. డిగ్రీ చదివినదానివి, గింత దానికే మురిసిపోతవేందని చెల్లెలు జమున ఫోనులో ఎగతాళి చేసేది.

ఆ మురిపెం మధ్యలోనే ఒక ఉదయం, చాయ్ గ్లాసు పట్టుకున్న హరీశ్ చేతులు వణకడం చూసింది. ఎండాకాలం, చలి అనుకోవడానికి లేదు. ఆ రోజే అతను అంతా చెప్పేశాడు. పెళ్లికి ముందే మానేశానని అందరినీ నమ్మించినా, తను పనిచేసే మోటారు వైండింగ్ షాపు వెనక చాటుగా తాగుతూనే ఉన్నాడట. అప్పటి నుంచి హారన్ వినపడితే రాజీకి సంతోషం కంటే ముందు భయం వచ్చేది. ఎదురెళ్లి నవ్వుతూనే వాసన చూసేది.

ఇద్దరూ మానుకోట దవాఖానకు పోయి గోళీలు తెచ్చుకున్నారు. అక్కడి గోడ మీదే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఫోను చేయండని ఒక నంబరు కనిపించింది. రాజీ పత్తి చేను గట్టు మీద నిలబడి ఆ నంబరుకు చేసింది. ఎత్తినాయన పేరు సారయ్య. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడగలేదు. తామూ ఒకప్పటి తాగుబోతులమేనని, ఆదివారం పూట తొర్రూరులో ఒక బడి గదిలో కూర్చుని మాట్లాడుకుంటామని, వీలైతే ఆ రోజు ముట్టకుండా రమ్మని చెప్పాడు.

హరీశ్ ఆ వారమంతా ముట్టలేదు. తండాలో తెలిస్తే పరువు పోతుందని ఇద్దరూ కలిసి అత్త తుల్సీబాయికి ఒక అబద్ధం చెప్పారు. తొర్రూరులో హరీశ్‌కు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని. ఆ అబద్ధమే కొంప ముంచింది.

కొడుకు మంచి పనికి పోతుంటే ఆమె ఊరుకుంటుందా? బయల్దేరే వేళకు మేరామ తల్లి ముందు దీపం పెట్టి, దాచిన ఇప్పసారా సీసా తీసి నేల మీద సాక పోసింది. ప్రసాదమని కొడుకు దోసిట్లోనూ కొంత ఒంపింది. వద్దంటే అమ్మవారికి కోపం, పోయే పనికి అపశకునం. హరీశ్ రాజీ వైపు చూశాడు. రాజీ చూపు దీపం మీదికి తిప్పుకుంది. అతను కళ్లు మూసుకుని తాగేశాడు. అరచేతుల్లో మిగిలిన తడిని కూడా నాకడం ఆమె ఒక్కతే చూసింది.

మానుకోటలో బస్సు మారారు. ఇంకో రోజైతే కిటికీ సీటు దొరికినందుకే రాజీ పండగ చేసుకునేది. తొర్రూరులో దిగగానే ఎదురుగా వైన్స్. అతని కాళ్లు అక్కడే ఆగాయి.

“పొద్దుగాల్నే బోణీ అయింది గద రాజీ. ఇంక ఏ మొఖం పెట్టుకొని పోవాలె?”

చేయి పట్టుకుంటే విదిలించుకుంటాడేమో, వదిలేస్తే రోడ్డు దాటిపోతాడేమో. రెండు భయాల మధ్య అతని చిటికెన వేలు మాత్రం పట్టుకుంది.

“తాగిన మొఖమే పెట్టుకొని పోదాం. ఎళ్లగొడితే అప్పుడు చూద్దాం.”

బడి గదిలో సారయ్య కుర్చీలు సర్దుతున్నాడు. హరీశ్ తల వంచుకుని ప్రసాదం సంగతంతా చెప్పాడు. పెద్దాయన దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

“మంచి సరుకే పోసింది మీ అవ్వ. లోపటికి రా తమ్మీ. ఇయ్యాల నువ్వు మాట్లాడకు, ఇను. గంతే.”

రాజీ వరండాలో కూర్చుంది. లోపల కనకలక్ష్మి అనే ఆమె, సొంత బిడ్డ పెళ్లి పందిట్లో తాను తాగి పడిపోయిన సంగతి చెబుతోంది. చెబుతూ తనే నవ్వింది, మిగతావాళ్లూ నవ్వారు. అలాంటి మాటలకు నవ్వు ఎలా వస్తుందో రాజీకి అర్థం కాలేదు. అంతలో హరీశ్ బయటికొచ్చాడు. అతని చూపు గేటు మీద, గేటు అవతలి రోడ్డు మీద. లేచి అడ్డం నిలబడాలనుకుంది.

అతని చేతిలో చాయ్ గ్లాసు ఉంది. సగం చొక్కా మీదే ఒలికింది.

“అందరి ముందట చేతులు వణుకుతున్నయ్,” అన్నాడు చిన్నగా.

ఆమె అతని చేతుల మీదుగానే గ్లాసును పట్టుకుంది. ఒక గుక్క అతను, ఒక గుక్క ఆమె. చల్లారిపోయి, చక్కెర ఎక్కువైన ఆ చాయ్ కూడా ఆమెకు బాగుంది. గ్లాసు ఖాళీ కాగానే అతను లోపలికి పోయాడు. తలుపు మాత్రం ఓరగా వదిలాడు.

తిరుగు బస్సులో తుల్సీబాయి ఫోను చేసింది, కొలువు వచ్చిందా అని. చెప్పొద్దని రాజీ కళ్లతోనే బతిమాలింది. కోడలు అడుగుపెట్టాకే కొడుకు మళ్లీ తాగుడు మొదలుపెట్టాడంటుందేమోనని ఆమె భయం. హరీశ్ స్పీకర్ పెట్టి, కొలువు కాదు యాడీ అంటూ తమ భాషలో తల్లికి అంతా చెప్పేశాడు.

అవతల మేకల అరుపుల మధ్య తుల్సీబాయి గొంతు వినిపించింది.

“పొద్దుగాల ఎందుకు చెప్పలే బిడ్డా? నా చేతులతోటి పోస్తి గద.”

మళ్లీ ఎప్పుడు పోవాలని ఆమే అడిగింది. వచ్చే ఆదివారం అన్నాడు. మేరామ తల్లికి తాను సర్దిచెప్పుకుంటానని, ఈసారి సారా లేకుండా సేవాలాల్ మహరాజ్ పేరున నిప్పుల మీద బెల్లం, నెయ్యి వేసి భోగ్ పెడతానని అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి రాజీని పిలిచింది. సీసాలో ఇంకా సగం ఉందట. అమ్మవారి సొత్తును ఒక్కతే పారబోయాలంటే భయమవుతోందట.

“నువ్వచ్చినంక ఇద్దరం కలిసి పారబోద్దాం, బిడ్డా.”

రాజీ సరేనంది. ఆ మాట హరీశ్ కూడా విన్నాడు. గూడూరు దగ్గరవుతున్న కొద్దీ ఆమె చేతిలో అతని వేలు చెమటతో జారిపోతోంది. ఆమె పట్టు మార్చుకుని మళ్లీ పట్టుకుంది.