రత్నమ్మ తూకపురాయి

బడి వరండా దూలానికి స్ప్రింగు కాటా తగిలించి, రత్నమ్మ మొదట రాయిని వేలాడదీసింది. అది ఐదు కిలోల నాపరాయి. ప్రొద్దుటూరులో పాలిషు ఫ్యాక్టరీవాళ్లను బతిమాలి కోయించి, పత్తి మిల్లులో తూకం సరిచూసి, తాడు కట్టడానికి బెజ్జం వేయించుకుంది. ముల్లు ఐదు దగ్గర నిలబడితే తప్ప బిడ్డను జోలెలో వేయదు. సంచిలో ఆ రాయితో బస్సెక్కితే కండక్టరు దానికీ టికెట్టు కొట్టాలని ఎగతాళి చేసేవాడు. కొట్టుకోమని ఆమె దబాయించేది.

ఆమె జమ్మలమడుగులో మిషను ఆసుపత్రి ఆయా. పొట్టి మనిషి. బిడ్డల్ని ఎత్తీ ఎత్తీ కుడి భుజం కాస్త కిందికి జారింది. ముతక తెల్లచీర, మెడలో నల్లపూసలకు బదులు చిన్న సిలువ. డాక్టర్ జియావుల్లా బిడ్డల తిండి మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు, తూకానికి ఈమే కావాలని పట్టుబట్టి అడిగాడు. ఈ ఊళ్లో పై వీధి బిడ్డలకు రాగులూ వేరుశనగలూ వేయించి కొట్టిన పిండి, కింది వీధి బిడ్డలకు ఇంట్లో తిండి. నెలనెలా రెండు వీధుల తూకం. పిండి మంచిదని తేలితే కింది వీధికీ, ఆ తర్వాత పులివెందుల దిక్కు ఊళ్లకూ ఇస్తారు. ఆ పిండి వేయించేది రత్నమ్మే. మూకుడు ముందు కూర్చుంటే ఆమెకు ఎక్కడలేని గర్వం.

ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండు వీధులు రెండు పార్టీలు. ఒక వీధి గిన్నె ఇంకో వీధి గడప తొక్కదు, కాబట్టి పిండి అటూ ఇటూ కలవదని డాక్టరు సంబరపడ్డాడు. పార్టీ ఉన్న ఊళ్లో పందెం లేకుండా ఏదీ జరగదన్న సంగతి ఆయనకు తట్టలేదు. తట్టాల్సిన రత్నమ్మకూ తట్టలేదు. పై వీధి బిడ్డలు రెండు నెలలుగా గంతులేసినట్టు బరువు పెరుగుతుంటే అదంతా తన పిండి మహిమే అనుకుని మురిసిపోయింది.

తిరుపాలమ్మ కొడుకును జోలెలో వేయబోతుంటే వాడి మొలతాడుకున్న తాయెత్తు పక్కన దించిపెట్టిన రాయికి తగిలి టక్కుమంది. రత్నమ్మ దాన్ని వేళ్లతో పట్టి చూసింది. చూడ్డానికి గుడ్డ తాయెత్తే, చేతికి మాత్రం బరువు. బిడ్డ మొలతాడు విప్పడం అశుభం. అందుకే ఇన్నాళ్లూ గుడ్డలు విప్పించింది గానీ దాని జోలికి పోలేదు.

"ఏంది పాపా ఇది?"

తిరుపాలమ్మ తల దించుకుంది. "సీసం. ఎలచ్చన్లు వచ్చినప్పట్నుంచి వీధి బిడ్డలందరికీ రెడ్డి కట్టిచ్చినాడు. కింది వీధోళ్ల కంటే తూకం తగ్గితే తల యాడ పెట్టుకోవాలన్నాడు."

కొట్లాటలకు చుట్టే నాటుబాంబుల్లో కూరే సీసం ముక్కలు పాలుతాగే బిడ్డల నడుములకెక్కాయి. రత్నమ్మకు ఒళ్లు మండిపోయింది. అంతలోనే మూకుడు గుర్తొచ్చింది. మరి తన పిండి చేసిందేమిటి? ఏమీ లేదా?

వరండా మెట్టు మీద కాసేపు కూర్చుంది. లేచి, మొలతాడు విప్పనక్కర్లేదని, తాయెత్తును మాత్రం అరచేతిలో ఎత్తి పట్టుకోమని తిరుపాలమ్మకు చెప్పింది. బిడ్డ జోలెలో, తాయెత్తు తల్లి చేతిలో. ముల్లు పోయిన నెల కంటే వెనకే ఆగింది. ఆ అంకే రాసుకుంది.

కబురందుకుని పై వీధి పార్టీని నడిపే పెద్దరెడ్డి వచ్చాడు. సాయంత్రం ఎన్నికల మీటింగులో తమ వీధి బిడ్డల తూకం మైకులో చెప్పించాలని ఆయన ఏర్పాటు. పాత పద్ధతిలోనే తూయమన్నాడు.

"నీ మనవన్ని గూడా ఎత్తి పట్టే తూస్తా రెడ్డీ," అంది రత్నమ్మ. "ఈ పిండి రేపు పులివెందుల దిక్కు బిడ్డలు తినాల. వాళ్లకు సీసం ఎవురు కడతారు?"

"అట్లయితే ఇంగ మా ఊరికి రావాకు."

"రాను. ఈ పొద్దు తూసే పోతా."

ఆయన కదల్లేదు. అక్కడున్న తల్లులంతా ఆమె చేతుల మీదుగా కాన్పయినవాళ్లే. ఒక్కొక్కరే వచ్చారు, తాయెత్తు ఎత్తి పట్టారు. చివరికి ఆయన కోడలూ వచ్చింది. రెడ్డి మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాత తూకానికి వచ్చిన కింది వీధివాళ్లూ తక్కువ తినలేదు. మాబున్ని అనే ఆమె కూతురి తాయెత్తులో ఇనుప నట్టు బయటపడింది. మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, తనూ తాయెత్తు ఎత్తి పట్టింది.

పొద్దు వాలుతుండగా ఆసుపత్రిలో డాక్టరుకు జరిగిందంతా చెప్పి, "అంతా చెడిపోయినట్టేనా సారూ?" అని అడిగింది.

జియావుల్లా తూకాల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. మామూలుగా ఇలాంటివి రిపోర్టులకెక్కవు. బిడ్డలను తూచాం అని ఒక్క ముక్క రాస్తారు, చదివినవాళ్లు నమ్ముతారు.

"చెడిందని గూడా రాస్తానక్కా. ఎట్ల చెడిందో, నువ్వెట్ల సరిజేసినావో, రెండూ రాస్తా. చదివినోళ్లు ఇంగో ఊర్లో ఇదే తప్పు చెయ్యగూడదు."

"నా పిండి?"

ఆయన ఆనాటి తూకాలు రెండుసార్లు కూడాడు. పై వీధి బిడ్డలే ముందున్నారు. అనుకున్నదాంట్లో సగం కూడా లేదు, కానీ ఆ కాస్తా నిజం. రత్నమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమెకు అంత గర్వం అంతకుముందెప్పుడూ కలగలేదు.

"రాయి సంగతి గూడా రాయి సారూ," అంది.

ఆ ఊరికి ఆమె మళ్లీ వెళ్లలేదు. మిగిలిన నెలల తూకానికి ఆ తల్లులే ఆసుపత్రికి వచ్చి తాయెత్తులు ఎత్తి పట్టుకున్నారు. ఆ చలికాలం ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి పడుకున్న రత్నమ్మ మళ్లీ లేవలేదు.

రిపోర్టు అచ్చయి వచ్చాక డాక్టరు ఆ పేజీని తల్లులకు తెలుగులో చదివి వినిపించాడు. సీసం ఉంది, నట్టు ఉంది, ఎత్తి పట్టిన చేతులున్నాయి. ప్రతి తూకానికీ ముందు కాటాను నాపరాయితో రత్నమ్మ సరిచూసేదని ఉంది. మనం రిపోర్టుకెక్కినామని తిరుపాలమ్మ పక్కనున్న మాబున్నిని మోచేత్తో పొడిచింది.

పులివెందుల దిక్కు ఊళ్లకు పిండి వెళ్లిన మొదటి రోజు, కొత్త ఆయా వేపకొమ్మకు కాటా తగిలించి, రత్నమ్మ ముడి వేసిన తాడుతోనే రాయిని వేలాడదీసింది. రాయి కాసేపు ఊగింది, ముల్లు ఐదు దగ్గర నిలబడింది.