రెండో డిస్కు తాళం చెవి

"తాహేరా, చాయ్ పెట్టు, అమీర్ వచ్చింది" అని మా ఆయన పరదా అవతలి నుంచి కేకేసేటప్పటికి నేను ఒక పెళ్లి కార్డులో పెళ్లికొడుకు పేరు టైపు కొడుతున్నాను. పేరు సగంలో వదిలేసి లేచాను. అల్లం నలిపి వేసి చాయ్ పెట్టి, వాళ్లిద్దరికీ ఇచ్చి, మళ్లీ వచ్చి మిగతా సగం కొట్టాను. ఆరేళ్లుగా నా పని ఇలాగే సగం సగం నడుస్తోంది.

నల్గొండలో మా ఇంటి ముందు గదే షాపు. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'రజాక్ డీటీపీ' అని ఉంటుంది. గది మధ్యలో పరదా, దాని వెనక కంప్యూటరు, నేను. గిరాకీ తెచ్చిన కాగితం మా ఆయన చేతి మీదుగా నా దగ్గరికి వస్తుంది, నేను కొట్టింది మళ్లీ ఆయన చేతి మీదుగానే బయటికి పోతుంది. "రజాక్ భాయ్ కొడితే ఒక్క తప్పు దొరకది" అని జనం మెచ్చుకుంటారు. ఏ అక్షరం ఏ మీటలో ఉందో కూడా తెలియని ఆ మనిషి ఒక్కనాడైనా "నేను కాదు" అనలేదు. ఒకసారి కరెంటు పోయి నలభై పేజీలు మాయమైనప్పటి నుంచి, రోజూ సాయంత్రం ఆనాటి పనంతా ఫ్లాపీల్లోకి ఎక్కించి నా కుట్టుమిషను సొరుగులో దాచుకోవడం అలవాటు చేసుకున్నాను. అవేమిటని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అమీర్ అంటే అమీరున్నీసా, మా ఆయన పిన్ని కూతురు. కొత్తకోట పిల్ల. హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేసింది, మా షాపులో పిల్లలకు నేర్పుతానని వచ్చింది. క్లాసులు మొదలయ్యాక పొద్దున కంప్యూటరు నాది, పరదా మూసి ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఆమెది, పరదా తీసేస్తారు. మా అత్త గులాబ్‌బీ ఆమెను కూతురిలా "బేటీ" అంటుంది, నన్ను కోడలిగానే "బహూ" అంటుంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆమె నేర్పేది లైనక్సు, కంప్యూటరును నడిపించే ఒక పద్ధతి. నా తెలుగు అక్షరాలకు విండోస్ అనే ఇంకో పద్ధతి కావాలి. రెండింటికీ ఉన్నది ఒక్కటే కంప్యూటరు. "ఒక్క డిస్కుల రెండు పెడితే ఒకదానికొకటి అడ్డమొస్తయట. అమీర్‌కు వేరే డిస్కు తెస్తున్న" అన్నాడు మా ఆయన. తెచ్చాడు కూడా. కంప్యూటరు ముందు భాగంలో బిగించే సొరుగులాంటి డబ్బా, దానికి చిటికెన వేలంత తాళం చెవి. "దాన్ల ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. అమీర్ పని అమీర్‌దే" అన్నాడు.

నాకు కుళ్లు పుట్టింది. ఆ పిల్ల వయసు చూసి కాదు, మా ఆయన మీద అనుమానంతోనూ కాదు. ఆ తాళం చెవిని చూసి. ఈ ఇంట్లో నాది అని తాళం వేసుకునే వస్తువు ఒక్కటి లేదు. నా పెళ్లి పెట్టె తాళం మా అత్త నడుముకు వేలాడుతుంది. నేను పని చేసే డిస్కులో మా ఆయన పేకాట ఆడుకుంటాడు, మా మరిది పాటలు పెట్టుకుంటాడు, చోటు చాలకపోతే ఏదో ఒకటి చెరిపేస్తారు. చెరిపింది నాదని తెలిసినా "మళ్ల కొట్టుకో, ఏమైతది" అంటారు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు మాత్రం తాళం. అమీర్ దాన్ని చున్నీ కొంగుకు ముడి వేసుకుంటుంటే ఆ ముడి వంకే చూస్తూ కూర్చున్నాను.

డబ్బా బిగిస్తూ ఆమె నాతో అంది: "భాబీ, కొత్తదాన్ల లైనక్సు ఎక్కించేటప్పుడు పాత డిస్కు తీగ పీకెయ్యాలె. మరిచిపోతే తప్పు డిస్కు తుడుచుకపోతది. గదొక్కటి యాదుంచుకోవాలె." ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

ఇంకా ఏమీ ఎక్కించక ముందే వాళ్లమ్మకు జ్వరమని కబురొచ్చింది. కొత్తకోటకు పోతూ "భాయ్, నేనొచ్చేదాంక ఆగున్రి" అని తాళం చెవి ఆయన చేతిలో పెట్టింది. నా చేతిలో కాదు.

ఆయన ఆగలేదు. "సోమవారం పిల్లలొస్తరు. దీనికేం పెద్ద విద్య గావాలె" అని మర్నాడే లైనక్సు సీడీ పెట్టాడు. మా అత్త పాన్ నములుతూ పక్కన కూర్చుంది. "నా కొడుక్కు రాని పనున్నదా" అంది. నేను గడపలో బియ్యం ఏరుతున్నాను. కంప్యూటరు మూత తీసే ఉంది. నా డిస్కు తీగ ఎక్కడిదక్కడే ఉంది. చూశాను. "తీగ పీకలే" అని రెండు ముక్కలు అంటే చాలు. ఆయన ఒకసారి వెనక్కి తిరిగాడు కూడా. "ఏం జూస్తున్నవ్? చాయ్ తే" అన్నాడు.

చాయ్ పెట్టడానికి వెళ్లాను. పాడైపోనీ అనుకున్నాను. ఆ పిల్ల కోసం తెచ్చిన డిస్కు వల్లే అంతా పోయిందని అందరూ ఆమెను తిట్టిపోయాలి, నేను వినాలి. పోయేది నా ఆరేళ్ల పని అని తెలుసు. దాచిన ఫ్లాపీలు కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. కుళ్లు అంత పని చేయిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

చాయ్ పొంగేలోపే అయిపోయింది. పెళ్లిళ్లు, పాంప్లెట్లు, దశదినకర్మ కార్డులు, అన్నీ పోయాయి. మా ఆయన మొహం పాలిపోయింది. "హాయ్ అల్లా, ఎల్లుండి నర్సింగమ్మ బిడ్డ పెండ్లి కార్డులియ్యాలె గద!" అని మా అత్త నోరు కొట్టుకుంది.

కాసేపటికి ఆయన తేరుకుని నవ్వాడు. "ఏం ఫికర్ లేదమ్మీ. పోయిందంతా తాహేరా కొట్టిందే గద. మళ్ల కొడ్తది." నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమీర్‌కు చెప్పకు. పాపం, మనసుకు పెట్టుకుంటది."

చాయ్ కప్పులతో అలాగే నిలబడ్డాను. పోయింది నాది, ఓదార్పు ఆమెకు. ఏడుపు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది కుట్టుమిషను సొరుగు.

"కొడ్త" అన్నాను. "ఇరవై రోజులు పడ్తది. పొద్దుగాల్నుంచి పొద్దుగూకేదాంక కూసోవాలె. అమీర్ వచ్చినా పరదా తియ్యొద్దు, పిల్లల్ని వచ్చే నెల రమ్మనున్రి. వంట అమ్మీ చూసుకోవాలె. నర్సింగమ్మ కార్డులు ముందు కొడ్త. నా డిస్కు గూడ తాళమున్న డబ్బాల పెట్టున్రి. చెవి నాకియ్యాలె. లేకుంటే మళ్ల పోతది."

"ఇరవై రోజులా?" అంది మా అత్త.

"ఆరేండ్ల పని అమ్మీ."

పెళ్లిళ్ల సీజను భయానికి ఆయన తలూపాడు. రెండో డబ్బా తెచ్చాడు. అమీర్ మర్నాడే తిరిగొచ్చి బిగించింది, విండోస్ మళ్లీ ఎక్కించింది, తాళం చెవి నాకిచ్చింది. చిన్న చెవి, బరువే లేదు. నల్లపూసల పక్కన గుచ్చుకున్నాను.

పరదా మూసి కుట్టుమిషను సొరుగు లాగాను. ముప్పై ఏడు ఫ్లాపీలు. అమీర్ వాటిని చూసింది, నన్ను చూసింది, మొదటి ఫ్లాపీ తీసి కంప్యూటరులో పెట్టింది. మసీదు నుంచి మధ్యాహ్నం బాంగు వినబడేసరికి ఆరేళ్ల పని తిరిగొచ్చేసింది. వంటింట్లోంచి పప్పు మాడిన వాసన వస్తోంది.

"బహూ, ఎందాంక వచ్చింది?" అని అరిచింది మా అత్త.

"పెండ్లిళ్ల కాడున్న అమ్మీ. చావులు ఇంక మొదలే పెట్టలే."

అమీర్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఆయన తిరిగిచ్చిన తాళం చెవి ఆ కొంగున మళ్లీ మెరుస్తోంది. ఆమెను చూస్తే నా కుళ్లు పోయిందా? పోలేదు. నాకు రానిది ఆమెకు ఇంకా చాలా వచ్చు. కుర్చీ ఆమె పక్కకు లాక్కున్నాను.

"ఇంక పందొమ్మిది రోజులున్నయి. నీ డిస్కు పెట్టు" అన్నాను. "మొదటికెళ్లి నాకు నేర్పు."